బ్రేకు మీద కాలు

డ్రైవరుకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయిందని తెలిసిన రోజు కండక్టరు రెండు పూటలా కడుపు నిండా తిన్నాడు. భార్య అడిగినంతా వడ్డించింది. రెండు నెలల తర్వాత, వాడికి మాట కొద్దికొద్దిగా తిరిగొస్తోందని ఎవరో చెప్పగానే ఆయన ఉతికిన చొక్కా తొడుక్కుని గుమ్మంలో చెప్పులు వేసుకోబోతుంటే మాత్రం ఆవిడ ఊరుకోలేదు.

"పరామర్శకా?" అంది.

"పరామర్శా నా తలకాయా! వాడి నోటితో ఒక్క నిజం కక్కించాలి. నాలుక మళ్ళీ మడత పడేలోగా."

"కక్కించి ఏం చేసుకుంటారు? ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తారా?"

ఆయన ఎప్పుడూ చేసే పనే చేశాడు. తలుపు ధడాలున వేసి బయటపడ్డాడు.

ఆ నిజం సంగతి ఇదీ. ఇద్దరూ ఇరవై రెండేళ్ళు ఒకే బస్సు మీద పనిచేశారు. ఆ రోజుల్లో బస్సు కప్పు కింద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒక తాడు ఉండేది. కండక్టరు ఎక్కడ నిలబడ్డా చెయ్యెత్తి దాన్ని లాగితే డ్రైవరు చెవి పక్కన గంట మోగేది. ఒకటి కొడితే ఆపమని, రెండు కొడితే పొమ్మని. ఇరవై రెండేళ్ళలో డ్రైవరు వెనక్కి తల తిప్పింది లేదు, కండక్టరు గొంతెత్తి పిలిచింది లేదు. మొగుడూ పెళ్ళాలకి కూడా ఇంత బాగా కుదరదని డిపోలో వాళ్ళు ఏడిపించేవారు.

తర్వాత ఒక వాన సాయంత్రం వచ్చింది. బస్సులో కాలు పెట్టే చోటు లేదు. స్టాపులో దిగేవాళ్ళు దిగిపోయారనుకుని కండక్టరు రెండు కొట్టాడు, బస్సు కదిలింది. అప్పుడు వెనక తలుపు దగ్గర ఒక స్కూలు టీచరు, ఒక కాలు మెట్టు మీదా ఒక కాలు గాల్లోనూ పెట్టి కెవ్వుమంది. కండక్టరు వెంటనే తాడు లాగాడు. ఒక్కసారి. ఒక్కటంటే ఒక్కటే. బస్సు ఆగలేదు సరికదా జోరు పెంచింది. టీచరమ్మ పడింది, తుంటి విరిగింది.

విచారణలో డ్రైవరు ఇలా చెప్పాడు: "అద్దంలో ఆవిడ్ని చూశాను. బ్రేకు మీద కాలు వేశాను కూడా. ఇంతలో వెనకనుంచి రెండు కొట్టాడు. తలుపు దగ్గరి సంగతి చూసుకునేవాడే పొమ్మంటున్నాడు కదా అని కాలు తీసేశాను."

ఆ ముక్కతో కండక్టరుకి బస్సు పోయింది. ఆరు నెలలు ఇంట్లో కూర్చోబెట్టారు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, పోగొట్టుకున్న వస్తువుల గదిలో గొడుగులకీ ఒంటి చెప్పులకీ చీటీలు కట్టే పని ఇచ్చారు. ఆయన మాత్రం తక్కువ తిన్నాడా? టీ తాగడానికొచ్చిన ప్రతివాడి ముందూ డ్రైవరు మాటల్ని వాడి గొంతుతోనే అనుకరించి చూపించేవాడు. "బ్రేకు మీద కాలు వేశానూ... ఆనక తీసేశానూ!" వాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. మనిషి పడిపోతోందని కళ్ళతో చూసినవాడు కాలు తీస్తాడా ఎక్కడైనా? పచ్చి అబద్ధమని డిపో మొత్తం తేల్చేసింది. డ్రైవరు రిటైరైన రోజున వీడ్కోలు సభకి వేసిన నలభై కుర్చీల్లో ముప్పై ఆరు ఖాళీగా ఉండిపోయాయి. కండక్టరు కిటికీలోంచి తొంగి చూసి మరీ లెక్కపెట్టుకున్నాడు.

ఆ వాన సాయంత్రం గడిచి తొమ్మిదేళ్ళు. ఈ తొమ్మిదేళ్ళలో ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఆసుపత్రి మూడో అంతస్తులో, నడక నేర్పే గది మధ్యలో యంత్రం ఉంది. కింద కదిలే బెల్టు, రెండు పక్కలా ఉక్కు కమ్మీలు, పైనుంచి మనిషిని పట్టి ఉంచే పట్టీలు. రోగి తొడల దగ్గర్నుంచి పాదాల దాకా మోటార్లున్న లోహపు కాళ్ళు తొడుగుతారు. అవి నడుస్తాయి, వాటితో పాటు మనిషీ నడవాలి. ఎదురుగా పెద్ద తెర మీద ఒక వీధి కదులుతూ ఉంటుంది, నిజంగా నడుస్తున్నట్టు అనిపించాలని. రోగి కాలు ఎదురు తన్నిందంటే యంత్రం ఠక్కున ఆగిపోతుంది. దాన్ని సిద్ధం చెయ్యడానికి ఇద్దరు, బతిమాలడానికి ఇద్దరు కావాలి. చీటికీ మాటికీ అలుగుతుంది. అందుకని ఆ వార్డులో అందరూ దాన్ని "అల్లుడు" అంటారు.

కండక్టరు వెళ్ళేసరికి డ్రైవరు ఆ పట్టీల్లో వేలాడుతున్నాడు. మూతి ఒక పక్కకి జారింది. కుడి చెయ్యి గుడ్డ సంచీలా వేలాడుతోంది. ఒకప్పుడు ఆ చేత్తోనే అంత బస్సునీ సందుల్లోంచి ఇట్టే తిప్పేవాడు. కండక్టరు తనివితీరా చూశాడు. జాలి వేస్తుందేమోనని దారంతా భయపడ్డాడు గానీ, ఏమీ వెయ్యలేదు.

"రండి అన్నయ్యగారూ," అంది డ్రైవరు భార్య, తొమ్మిదేళ్ళు మధ్యలో లేనట్టే. "మంచి రోజునే వచ్చారు. మధ్యాహ్నం ఇంజెక్షన్."

"ఏం ఇంజెక్షను?"

జవాబు ఫిజియోథెరపిస్టు చెప్పింది. పాతికేళ్ళుంటాయి ఆ అమ్మాయికి. చెవి వెనక పెన్ను, చేతిలో పలక లాంటి కంప్యూటరు, రోగులందరికీ "బాబాయ్" అనే పిలుపు.

"కాలు కదపమంటే బాబాయ్ కదపలేకపోతున్నారండీ. ఉన్నట్టుండి మాత్రం పాదం బిగుసుకుని కిందికి తన్నేస్తుంది. అంతే, మా అల్లుడు అలిగి ఆగిపోతాడు. ఇవాళే నాలుగుసార్లు. కండరం పట్టు అది, ఆయన చేతిలో లేదు. పిక్కలో ఇంజెక్షనిచ్చి వదులు చేస్తామంటున్నారు పెద్ద డాక్టరుగారు."

"వదులంటే?"

"మూడు నెలల పాటు ఆ కండ పనిచెయ్యదు. ఈలోగా యంత్రం మీద వంతు ఇంకొకరికి వెళ్ళిపోతుంది." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "చక్రాల కుర్చీకి అలవాటు పడమని చెప్పేశాం."

డ్రైవరు భార్య కొంగుతో కళ్ళొత్తుకుని, కాగితాల మీద సంతకం పెట్టడానికి ఆఫీసు గదికి వెళ్ళింది. ఫిజియో కిటికీ పక్క బల్ల దగ్గర ఏదో టైపు చేసుకుంటోంది. ఇదే అదను అనుకుని కండక్టరు యంత్రం దగ్గరికి జరిగాడు.

"ఏరా, గుర్తుపట్టావా?"

డ్రైవరు కళ్ళు తిప్పి చూశాడు. బాగానే గుర్తుపట్టాడు. అతని కళ్ళలో మంట మాత్రం పక్షవాతం తాకనట్టే ఉంది.

"పరామర్శకి రాలేదు. ఒక్క మాట అడిగి పోతాను. ఆ రోజు నేను కొట్టింది ఒకటా, రెండా?"

మూతి వంకర పోయింది, నాలుక తడబడింది, మెడ నరాలు ఉబ్బాయి. చివరికి మాట బయటికొచ్చింది.

"రె...ండు."

కండక్టరు ఒళ్ళు మండిపోయింది. "సగం చచ్చినా సిగ్గు రాలేదు కదరా నీకు!"

"ఇంకొక్కసారి నడిపించి రికార్డు పంపేస్తానండీ," అంటూ ఫిజియో వచ్చి మీట నొక్కింది. కండక్టరు అలవాటు కొద్దీ డ్రైవరు వెనక్కి వెళ్ళి, కమ్మీకి ఆనుకుని నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళు నిలబడ్డ చోటే అది. ఆ వీపూ, ఆ బట్టతలా, వాటి మీదుగా ఎదుట కదిలే వీధీ.

లోహపు కాళ్ళు కిర్రుమంటూ అడుగులు వేస్తున్నాయి. తెర మీద చెట్లూ దుకాణాలూ వెనక్కి పోతున్నాయి. ఫిజియో కళ్ళు తన చేతిలోని పలకలో కదిలే గీతల మీద ఉన్నాయి. తెర మీద ఒక మలుపు వచ్చింది. పక్కనుంచి గొడుగు పట్టుకున్న ముసలావిడ ఒకామె అటూ ఇటూ చూడకుండా రోడ్డు మీదికి దిగింది. డ్రైవరు కుడి పాదం కిందికి తన్నింది. యంత్రం ఆగిపోయింది.

"చూశారా? అయిదోసారి," అంది ఫిజియో.

కండక్టరు చూశాడు. చూడటమేమిటి, ఆ కుదుపు ఆయన మోకాళ్ళకి తెలిసింది. అలాంటి కుదుపులు లక్ష ఆ మోకాళ్ళు కాసుకున్నాయి. ముందు మడమ ఆన్చి, తర్వాత మునివేళ్ళు మెత్తగా దించి, చివర్లో గట్టిగా అదమడం. అది జబ్బు కాదు. మనిషి అడ్డమొస్తే ఈ వెధవ బ్రేకు వేసే పద్ధతే అంత. కాలు కదపమంటే కదపలేనివాడు, ముసలావిడ అడ్డమొస్తే బ్రేకు వేస్తున్నాడు. ఆ బలాన్నే మధ్యాహ్నం సూదితో చంపబోతున్నారు.

ఈ సంగతి ఈ గదిలో తనకొక్కడికే తెలుసు. కండక్టరుకి ఒక్కసారిగా ఒళ్ళంతా చల్లగా, హాయిగా అయింది.

ఫిజియో బల్ల దగ్గరికి వెళ్ళగానే డ్రైవరు చెవిలో అన్నాడు: "విను. నీ కాలు చావలేదు. ఎందుకు తన్నుతోందో నాకు తెలుసు. ఒక్క మాట చెబితే ఇంజెక్షన్ ఆగిపోతుంది, నువ్వు నడుస్తావు. చెప్పమంటావా?"

డ్రైవరు కనుబొమలు లేచాయి.

"ఊరికే చెప్పను. ఒకటే కొట్టాడు, నేను అబద్ధమాడాను అని మీ ఆవిడ ముందు అను. నాకు సభలూ వద్దు, సన్మానాలూ వద్దు. ఆ ఒక్క మాట అను, నీ కాలు నీకిస్తాను."

ఆసుపత్రిలో మంచాన పడ్డవాడితో ఇలా బేరమాడటం నీచమని ఆయనకి తెలుసు. తెలిసే ఆడాడు. డ్రైవరు ఆయన మొహంలోకి చూశాడు. తర్వాత తన కుడి పాదం వైపు చూసుకున్నాడు. కంట్లో నీళ్ళు తిరిగాయి.

"రెండు," అన్నాడు. ఈసారి తడబడలేదు.

"అయితే పడి ఉండు!" అని కండక్టరు విసవిసా గుమ్మం దాకా వెళ్ళాడు.

గుమ్మం దాకానే వెళ్ళగలిగాడు. ఫిజియో ఫోనులో పెద్ద డాక్టరుకి చెబుతోంది: "అవును సార్, కుడి పాదమే. అర్థం పర్థం లేకుండా తన్నేస్తోంది."

అర్థం పర్థం లేకుండానా! వాడు అబద్ధాలకోరు, పీనాసి, పొగరుబోతు. ఏమన్నా పడతాడు. వాడి బ్రేకుని మాత్రం అంత మాట అంటే కండక్టరు వినలేకపోయాడు. ఆ బ్రేకు మీద నమ్మకంతో ఇరవై రెండేళ్ళు ఏ కమ్మీ పట్టుకోకుండా బస్సులో నిలబడ్డాడు. వెళ్ళినంత విసురుగానూ వెనక్కి వచ్చాడు.

"పెట్టెయ్ అమ్మాయ్ ఆ ఫోను! గీతలు చూడటం కాదు, తెర చూడు. గొడుగు ముసలమ్మ రోడ్డు మీదికి దిగినప్పుడల్లా కదూ తన్నింది? అది జబ్బు కాదు, బ్రేకు! వీడు డ్రైవరని మీ కాగితాల్లో లేదా?"

"ఉంది... కానీ..." ఆ అమ్మాయి పాత రికార్డులు వెనక్కి తిప్పింది. ముసలావిడ. కుక్క. సైకిలు. మళ్ళీ ముసలావిడ. నోరు తెరుచుకుని కండక్టరు వైపు చూసింది.

"తెర ఆపెయ్," అన్నాడు కండక్టరు. జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి, డ్రైవరు వెనక నిలబడి, ఉక్కు కమ్మీ మీద కొట్టాడు. టింగ్. పాదం కిందికి దిగింది. టింగ్ టింగ్. పాదం లేచింది. టింగ్. దిగింది.

సంతకాలు పెట్టి వచ్చిన డ్రైవరు భార్య గుమ్మంలోనే చతికిలబడి ఏడ్చింది. ఫిజియో కూడా తాళంచెవి తీసుకుని కొట్టి చూసింది. పదిసార్లలో మూడుసార్లు పలికింది పాదం. కండక్టరు కొడితే ఇరవైకి ఇరవై. చెయ్యి మారితే ఆ చెవి ఒప్పుకోవడం లేదు.

"ఇంజెక్షన్ ఆపమని చెప్పేశాను," అంది ఫిజియో ఫోను పెట్టేసి. మొహం వెలిగిపోతోంది. యంత్రంలో ఏవో మార్చింది. "ఇప్పుడు అల్లుడు అలగడు, మాట వింటాడు. బాబాయ్ పాదం అదిమితే బెల్టు ఆగుతుంది, తీస్తే కదులుతుంది. బ్రేకు ఆయన కాలి కిందే ఉంది. మీరు కొట్టండి."

కండక్టరు రెండు కొట్టాడు. బెల్టు కదిలింది. ఒకటి కొట్టాడు, ఆగింది. డ్రైవరు వీపు నిటారుగా అయింది, ఎడమ చెయ్యి, అక్కడ లేని స్టీరింగు మీద పడ్డట్టు ముందుకొచ్చింది. కండక్టరుకి అది చూసి కూడా ప్రేమ పుట్టలేదు. వీడు నడుస్తాడు, నడిచి వీధుల్లో తిరుగుతాడు, తిరిగినన్నాళ్ళూ రెండు, రెండు అని చెప్పుకుంటాడు. తన చేత్తోనే వీడికి కాలిచ్చినట్టయింది కదా అని పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ రెండు కొట్టాడు.

నాలుగడుగులు పడ్డాయి. అయిదో అడుగు దగ్గర ఎడమ భుజం మీది పట్టీ కొక్కెం ఊడింది. డ్రైవరు ఒక పక్కకి ఒరిగిపోయాడు. కింద బెల్టు నడుస్తూనే ఉంది.

"ఆపు! ఆపు!" కండక్టరు కేక పెట్టాడు. కేకతో పాటు చెయ్యీ ఆడింది.

బెల్టు ఆగలేదు. ఇంకా జోరందుకుంది. ఫిజియో ఒక్క దూకులో వచ్చి ఎర్ర మీట గుద్దింది. డ్రైవరు భార్య పరిగెత్తుకొచ్చి మొగుణ్ణి నడుము దగ్గర పట్టుకుంది. ఇద్దరూ కలిసి కుర్చీలో కూర్చోబెట్టారు. దెబ్బేమీ తగల్లేదు.

"ఏమైందిరా నీ బ్రేకు?" కండక్టరు రొప్పుతూ అరిచాడు. "నేను కొట్టానా లేదా? ఎందుకు ఆపలేదు?"

డ్రైవరు భార్య అటు తిరిగి, మెల్లిగా అంది: "మీరు రెండు కొట్టారు అన్నయ్యగారూ."

"ఒక్కటే కొట్టాను!"

"ఆపు ఆపు అని రెండుసార్లు అన్నారు. అన్నప్పుడల్లా ఒకటి కొట్టారు. నేను ఇక్కడే ఉన్నాను కదా."

"ఆవిడ కంగారులో ఏదో విని ఉంటుంది. అమ్మాయ్, నువ్వు చెప్పు."

ఫిజియో పలక ఆయన ముందు పెట్టింది. గీతలు చదవడం ఆయనకి రాదు, వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ పట్టీ ఊడింది. చూడండి, మీరు కొట్టకముందే బాబాయ్ తనంతట తనే పాదం దించడం మొదలుపెట్టారు. గీత పైకి లేస్తోంది కదా? ఇదిగో మీ చప్పుడు, ఒకటి, పక్కనే రెండోది. ఆ వెంటనే పాదం తీసేశారు."

కండక్టరు ఆ గీత వెంట తన వేలు నడిపించాడు. లేచింది, దిగింది. బ్రేకు మీద కాలు వేశాను. ఇంతలో రెండు కొట్టాడు. కాలు తీసేశాను. తొమ్మిదేళ్ళ పాటు టీ బల్లల దగ్గర వంకర గొంతుతో తాను ఆడిన నాటకమంతా ఆ గీతలో ఉంది. ఒరిగిపోతున్నది తన ఒళ్ళేనని తెలిసి కూడా వాడు తన కాలి మాట వినలేదు, వెనకున్నవాడి చేతి మాట విన్నాడు. ఆ రోజు అద్దంలో కనిపించిన మనిషి కన్నా వెనకనుంచి మోగిన గంటనే నమ్మాడు. ఆ గంట కొట్టింది తను. ముప్పై ఆరు కుర్చీలు ఖాళీ చేయించిందీ తనే.

కండక్టరు తాళంచెవి జేబులో పెట్టుకోబోతే కింద పడింది. వంగి తీసుకోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది, లేచి ఎవరి మొహం చూడాలో తెలియక.

"రేపు పదింటికి రాగలరా?" అంది ఫిజియో, ఏమీ ఎరగనట్టు. "మీరు కొడితేనే పలుకుతోంది ఆ కాలు. కనీసం ఓ నెల రోజులు కావాలి."

కండక్టరు డ్రైవరు వైపు చూశాడు. వద్దంటాడనుకున్నాడు. వద్దంటే బాగుండుననుకున్నాడు.

డ్రైవరు కుర్చీలో నిటారుగా జరిగాడు. ఒక్కొక్క మాటే తవ్వి తీస్తున్నట్టు మెడ ఉబ్బించి, కళ్ళు ఆయన మీంచి తిప్పకుండా అన్నాడు.

"రేపు... రా. ఒకటి... కొట్టడం... నేర్చుకో."